లీజు అయిపోతున్న ఈవీ ఉన్నవాళ్లు జాగ్రత్త: డీలర్ చెప్పే బైఅవుట్ (లీజు కారునే కొనుక్కునే) రేటు, ‘ఫ్రీ అప్‌గ్రేడ్’

డాలస్ చుట్టుపక్కల 2023లో ఈవీ (ఎలక్ట్రిక్ కారు) లీజుకు తీసుకున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఇప్పుడు లీజులు అయిపోతున్నాయి, డీలర్ల ఫోన్లు మొదలయ్యాయి. వెళ్లేముందు ఇది చదవండి.

నాకు లీజు ఇంకా నాలుగు నెలలు ఉండగానే ఫోన్ వచ్చింది. “సార్, మిగిలిన పేమెంట్లు మేమే కట్టేస్తాం, కొత్త మోడల్ తీసుకోండి” అన్నారు. వెళ్తే సేల్స్ అబ్బాయి కాగితం మీద నెలవారీ పేమెంట్ ఒక్కటే పెద్దగా రాసి ముందు పెట్టాడు. అసలు పేపర్లు చూపించమంటే చాలాసేపు నాన్చాడు. తీరా చూస్తే గ్రాస్ క్యాపిటలైజ్డ్ కాస్ట్‌లో (లీజు లెక్కకి కారు ధర, మిగతావి కలిపి వేసే మొత్తం) నా పాత లీజు బ్యాలెన్స్ కలిపేసి ఉంది! వాళ్లు కట్టేస్తామన్న నాలుగు పేమెంట్లనే కొత్త లీజులోకి ఎక్కించి, వడ్డీతో సహా నాతోనే కట్టించబోయారు. ఆ మొత్తంలో ఏమేం కలిపారో విడివిడిగా రాసిమ్మంటే ఇచ్చి తీరాలి, ఫెడరల్ రూల్ అది. ఆ మాట అనగానే మేనేజర్ ప్రత్యక్షమయ్యాడు.

పైగా ‘ప్రభుత్వ ఈవీ క్రెడిట్ 7,500 డాలర్లు’ అంటూ ఊరించారు. అది 2025 సెప్టెంబర్ 30తోనే ఆగిపోయింది. ఇప్పుడు తగ్గింపు ఏదైనా ఉంటే అది కంపెనీ తన జేబులోంచి ఇచ్చేదే. ఎంతో కాగితం మీద రాయించుకోండి.

సరే, ఉన్న కారే కొనుక్కుంటానంటే 33,800 డాలర్లు అన్నాడు. నా అగ్రిమెంట్‌లో రెసిడ్యువల్ (లీజు చివర్లో కారుకి ముందే ఖాయం చేసిన ధర) 29,400. మిగతాదంతా ఇన్‌స్పెక్షన్, సర్టిఫికేషన్, ఎక్స్‌టెండెడ్ వారంటీ అట. బ్యాటరీకి కంపెనీ ఇచ్చిన ఎనిమిదేళ్ల వారంటీ ఇంకా నడుస్తూనే ఉందయ్యా బాబూ! నేరుగా లీజింగ్ కంపెనీకి ఫోన్ చేస్తే, రెసిడ్యువల్ మీద చిన్న పర్చేజ్ ఫీజు తప్ప ఇంకేమీ లేదన్నారు. కొన్ని కంపెనీలు డీలర్ ద్వారానే చేయమంటాయి. అలాగైనా ముందు పేఆఫ్ లెటర్ (కారు కొనడానికి ఎంత కట్టాలో లీజింగ్ కంపెనీ రాసిచ్చే కాగితం) తెప్పించుకునే వెళ్లండి.

అయితే ఆ 29,400 కూడా దండగే. అదే మోడల్, అదే ఏడాది, దాదాపు అన్నే మైళ్లు తిరిగినది బయట 24 వేలకు దొరుకుతోంది. కారణం సింపుల్. రెసిడ్యువల్‌ని సంతకం పెట్టిన రోజే స్టిక్కర్ రేటు (కొత్త కారుకి కంపెనీ వేసే ధర) మీద లెక్కేసి ఖాయం చేస్తారు. ఆ తర్వాత టెస్లా మొదలు అందరూ కొత్త కార్ల రేట్లు కోసేశారు, సెకండ్ హ్యాండ్ రేట్లూ పడిపోయాయి. లీజులో మనకొచ్చిన 7,500 మన పేమెంట్‌ని తగ్గించింది గానీ రెసిడ్యువల్‌ని కాదు. టెక్సస్‌లో బైఅవుట్ మీద మళ్లీ 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ కూడా పడుతుంది. నేను కారు తిరిగి ఇచ్చేశాను. అంతగా అదే మోడల్ కావాలంటే బయట కొనుక్కోవడమే నయం.

తిరిగి ఇచ్చేటప్పుడు కూడా వదలరు. డిస్పొజిషన్ ఫీజు (కారు వెనక్కి ఇచ్చినందుకు వేసే చార్జీ), ఎక్కువ తిరిగిన మైళ్లు, అరిగిన టైర్లు, అన్నిటికీ బిల్లు వస్తుంది. ఇవ్వకముందే నాలుగు వైపులా వీడియో, ఓడోమీటర్ ఫోటో తీసుకోండి. రిటర్న్ రసీదు మీద మైళ్లు వేసి సంతకం పెట్టేదాకా తాళాలు ఇవ్వకండి.