జీఎస్టీ డిమాండ్ "సెటిల్ చేస్తాం" అనేవాళ్లకు ఫైల్ ఇచ్చేముందు ఒక్కసారి ఇది చదవండి

తెనాలిలో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. నాన్న సేల్స్ ట్యాక్స్ రోజుల్లో మొదలుపెట్టారు. 2005లో వ్యాట్ వచ్చింది, 2017లో జీఎస్టీ వచ్చింది, మా దగ్గరికి వచ్చే షాపులు మాత్రం దాదాపు అవే. ఇప్పుడు నేనూ చెల్లీ కూడా నాన్నతోనే పనిచేస్తున్నాం. పాత బాకీల నోటీసులు వచ్చినవాళ్లకు లెక్క తేల్చి, కట్టాల్సింది కట్టించి, ఫైల్ మూయించడమే మా పనిలో పెద్ద భాగం. అలాంటి మేమే ఒక బయటి కంపెనీని నమ్మి, ఇరవై ఏళ్లుగా మా దగ్గరున్న మనిషికి నష్టం చేశాం. ఇంకో ఆఫీసుకు, ఇంకో షాపుకు ఇలా జరగకూడదని రాస్తున్నాను.

ఆయనది హార్డ్‌వేర్ షాపు. మేం బాబాయ్ అంటాం. 2018-19లో 3బీ రిటర్న్‌లో తీసుకున్న ఇన్‌పుట్‌కీ (అంటే కొన్న సరుకు మీద ముందే కట్టిన ట్యాక్స్ తగ్గింపుకీ), అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో పోర్టల్ తయారుచేసే 2ఏలో కనిపించినదానికీ తేడా ఉందని 2024 ఏప్రిల్‌లో సెక్షన్ 73 (మోసం ఆరోపణ లేని బాకీలకు వాడేది) కింద ఆర్డర్ పడింది. ట్యాక్స్ 4,10,000. దాని మీద 18 శాతం వడ్డీ, 10 శాతం పెనాల్టీ. అన్నీ కలిపితే ఎనిమిది లక్షలు దాటింది. ఆ ఆర్డర్ పోర్టల్లో 'అడిషనల్ నోటీసెస్' అనే మూలన పడి ఉంది. మేం చూసేసరికి అప్పీల్‌కి ఉన్న మూడు నెలలూ, కారణం చూపిస్తే ఇచ్చే ఇంకో నెలా అయిపోయాయి.

అప్పుడే సెక్షన్ 128ఏ వచ్చింది. 2017-18 నుంచి 2019-20 దాకా సెక్షన్ 73 డిమాండ్లకు, ట్యాక్స్ మొత్తం 2025 మార్చి 31లోగా కట్టి, జూన్ 30లోగా అప్లికేషన్ వేసుకుంటే వడ్డీ, పెనాల్టీ మాఫీ. బాబాయ్ చీటీ పాడుకుని డబ్బు సిద్ధం చేశారు.

సరిగ్గా ఆ మార్చిలోనే నాన్నకు బైపాస్ అయింది. నేను ఆసుపత్రిలో, చెల్లి ఒక్కతే ఆఫీసులో. అందుకని నోటీసుల పని మాత్రమే చేస్తామనే ఒక కంపెనీకి రెండు ఫైళ్లు అప్పగించాను. ఫైలుకు 35,000, మొత్తం ముందే. "టెన్షన్ పడకండి సార్, డిపార్ట్‌మెంట్‌లో మనవాళ్లున్నారు" అన్నాడు ఫోన్లో. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టేయలేదు.

మార్చి 28న వాళ్లు బాబాయ్ చేత డబ్బు కట్టించారు. జూన్‌లో ఎస్‌పీఎల్-02 (మాఫీ కోసం వేసే అప్లికేషన్) వేసేశామని వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపారు. నేను ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను. పైన కంపెనీ లోగో, కింద వాళ్ల రిఫరెన్స్ నంబర్. అప్లికేషన్ అందినట్టు పోర్టల్ ఇచ్చే నంబర్, ఏఆర్ఎన్, ఎక్కడా లేదు. పదిహేను అక్షరాల ఆ నంబర్ కోసం నేను వెతకలేదు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్న నాకు ఇది ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

సెప్టెంబర్‌లో బాబాయ్ కరెంట్ అకౌంట్ ఆగిపోయింది. ఆయన బాకీని అకౌంట్లోంచి కట్టమని బ్యాంకుకు డీఆర్‌సీ-13 నోటీసు వెళ్లింది. సిమెంట్ కంపెనీకి ఇచ్చిన చెక్కు వెనక్కొచ్చింది. ఆయన బ్యాంకు లెటర్ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చారు. బెంచీ మీద కూర్చుని ముందు అడిగిన మాట, "నాన్నకి ఇప్పుడే చెప్పకురా, ఆయన గుండె అసలే..."

ఆ సాయంత్రం లాగిన్ అయి చూస్తే మూడు సంగతులు బయటపడ్డాయి. కట్టిన డబ్బు డీఆర్‌సీ-03లో, అంటే మనంతట మనం కట్టే ఫారంలో ఉంది. దాన్ని ఆర్డర్‌కి ముడిపెట్టే డీఆర్‌సీ-03ఏ వెయ్యలేదు కాబట్టి డిమాండ్ మొత్తం అలాగే నిలబడి ఉంది. ఎస్‌పీఎల్-02 అసలు ఫైల్ కాలేదు. ఇక రిజిస్ట్రేషన్‌లో బాబాయ్ మొబైల్, మెయిల్ బదులు ఆ కంపెనీవాళ్లవి ఉన్నాయి. పోర్టల్ పంపిన ప్రతి మెసేజ్ వాళ్లకే పోయింది. అలా మార్చుకోవడానికి ఓటీపీ అడిగితే బాబాయ్ చేత ఇప్పించింది నేనే.

కంపెనీని అడిగితే మొదట సర్వర్ ప్రాబ్లం అన్నారు, తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు. పోలీసులకు కంప్లైంట్ ఇచ్చాం.

దయచేసి గుర్తుపెట్టుకోండి: 128ఏలో కూడా అసలు ట్యాక్స్‌లో రూపాయి తగ్గలేదు, పోయింది వడ్డీ, పెనాల్టీలే. "నలభై శాతం కడితే క్లోజ్" అనే దారి జీఎస్టీ చట్టంలో లేదు. మీ తరఫున హాజరయ్యే బయటివాళ్లు సీఏ, అడ్వకేట్, ఎన్‌రోల్ అయిన జీఎస్టీ ప్రాక్టీషనర్ లాంటి, చట్టం ఒప్పుకున్నవాళ్లే అయి ఉండాలి. ప్రాక్టీషనర్ పేరు పోర్టల్లోనే వెతికి చూసుకోవచ్చు. ఏ ఫైలింగ్ అయినా పీడీఎఫ్ చూసి ఊరుకోకండి, ఏఆర్ఎన్ అడిగి మీ లాగిన్‌లో మీరే ట్రాక్ చేసుకోండి. ఈ రాత్రికే ఒకసారి ప్రొఫైల్‌లో ఉన్న ఫోన్ నంబర్ మీదేనో కాదో చూడండి. చాలా షాపులకు అక్కడ ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ నంబరే ఉంటుంది.

బాబాయ్ విషయంలో డీఆర్‌సీ-03ఏ వేసి ట్యాక్స్ సర్దుబాటు చేయించాం. మాఫీ మాత్రం చేజారింది. వడ్డీ, పెనాల్టీకి సెక్షన్ 80 కింద డీఆర్‌సీ-20 అనే అప్లికేషన్ వేసి వాయిదాలు తెచ్చుకున్నాం. ఇరవై నాలుగు నెలల దాకా ఇస్తారు, ఒక్క వాయిదా తప్పినా మిగిలినదంతా ఒకేసారి కట్టాలి. నాన్న లేచి తిరగడం మొదలుపెట్టాక విషయం చెప్పాం. వాయిదాల్లో సగం మన ఆఫీసే కట్టాలన్నారు, కడుతున్నాం.

ఆ కంపెనీకి ఇచ్చిన రెండో ఫైల్ ఒక బట్టల షాపాయనది. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పనని ఆయన పట్టుబట్టాడు. అప్పుడు ఆయన మీద విసుక్కున్నాను కూడా. వాళ్లు ఫైల్ వెనక్కి పంపేస్తే చెల్లి రెండు రాత్రులు కూర్చుని తనే వేసింది. ఆయనకు ఎస్‌పీఎల్-05లో మాఫీ ఆర్డర్ వచ్చింది.