కనెక్టెడ్ అంటుంది, సైట్ తెరుచుకోదు: కంపెనీ వీపీఎన్ చాలాకాలం వాడాక

ఇంటి నుంచి పని మొదలైన దగ్గర్నుంచీ ఆఫీసు వాళ్ళిచ్చిన ఈ వీపీఎన్ క్లయింట్, అంటే ఇంటి సిస్టమ్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే ప్రోగ్రామ్, రోజూ వాడుతున్నాను. కనెక్షన్ మాత్రం గట్టిది, వైఫై పోయి వచ్చినా తనంతట తనే మళ్ళీ కలుస్తుంది. ఇబ్బందంతా వెబ్‌సైట్లతోనే. పక్కన పచ్చ గుర్తు వెలుగుతూనే ఉంటుంది, బ్రౌజర్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ గుర్తుకి టన్నెల్ (ఆఫీసు దాకా వేసిన రహస్య దారి) లేచిందని మాత్రమే అర్థం, దాన్ని చూసి అంతా బాగుందనుకోకండి.

ఆఫీసు లోపలి సైట్‌కి 'సర్వర్ దొరకలేదు' అని వస్తే నేను ముందు డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతికిపెట్టే ఏర్పాటు) చూస్తాను. లోపలి పేర్లు కంపెనీ డీఎన్ఎస్ సర్వర్‌కే తెలుసు. బ్రౌజర్‌లో 'సెక్యూర్ డీఎన్ఎస్' ఆన్‌లో ఉంటే ఆ ప్రశ్న బయటి సర్వర్‌కి పోయి, అలాంటి పేరే లేదని జవాబు రావచ్చు. అది ఆఫ్ చేసి, డీఎన్ఎస్ క్యాష్ (దాచుకున్న పాత జవాబులు) ఖాళీ చేసి చూడండి. ఇంకోటి, విండోస్‌లో పేరుకి ఏ ఐపీ వస్తోందో చూపే ఎన్ఎస్‌లుకప్ కమాండ్ ఇచ్చే ఫలితాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఫలానా పేర్లు ఫలానా సర్వర్‌నే అడగాలని ఆఫీసు వాళ్ళు పెట్టే ఎన్ఆర్‌పీటీ నియమాలను అది పట్టించుకోదు, పవర్‌షెల్‌లోని రిజాల్వ్-డీఎన్ఎస్‌నేమ్ కమాండ్ పట్టించుకుంటుంది.

అసలు విసిగించేది సగం తెరుచుకునే సైట్. లాగిన్ పేజీ టక్కున వస్తుంది, లోపలికెళ్ళాక పెద్ద రిపోర్టు తెరిచినా, ఫైల్ అప్‌లోడ్ చేసినా అక్కడే బిగుసుకుపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. ఇది చాలావరకు ఎంటీయూ గొడవ, అంటే ఒక్కో ప్యాకెట్ (డేటా ముక్క) ఎంత పెద్దదిగా ఉండొచ్చనే పరిమితి గొడవ. ఈథర్‌నెట్‌లో మామూలు ప్యాకెట్ 1500 బైట్లు, వీపీఎన్ దాని మీద ఇంకో కవరు తొడుగుతుంది, దాంతో సైజు దాటిపోతుంది. పట్టలేదన్న సంగతి దారిలోని రూటర్ ఐసీఎంపీ సందేశంతో వెనక్కి చెప్పాలి, మధ్యలో ఏ ఫైర్‌వాలో ఆ సందేశాన్ని ఆపేస్తే మన సిస్టమ్‌కి ఏమీ తెలియదు, అదే పెద్ద ప్యాకెట్‌ని మళ్ళీ మళ్ళీ పంపుతూ కూర్చుంటుంది. వీపీఎన్ ఆన్‌లో ఉండగా పింగ్‌కి జవాబిచ్చే లోపలి సర్వర్ ఒకటి పట్టుకుని, విండోస్‌లో 'పింగ్ -ఎఫ్ -ఎల్ 1300' పక్కన దాని పేరు రాసి (-ఎఫ్ అంటే ముక్కలు చేయొద్దని, -ఎల్ అంటే సైజు) మొదలుపెట్టి అంకె మారుస్తూ పోండి. జవాబొచ్చిన అతి పెద్ద అంకెకి హెడర్ల 28 కలిపితే దారి పట్టే సైజు తేలుతుంది. మా ఐటీ టీమ్‌కి ఆ అంకె చెప్పి ఎంటీయూ తగ్గించమన్నాను, రిపోర్టులు ఆగిపోవడం ఆ రోజుతో పోయింది. 1280 కంటే మాత్రం దించనివ్వకండి, ఐపీవీ6కి అది కనీసం.

ఇంట్లో రూటర్ 192.168.1 వరస ఐపీ అడ్రస్‌లు ఇస్తూ, ఆఫీసు సర్వర్ కూడా అదే వరసలో ఉంటే ప్యాకెట్ ఇల్లు దాటకపోవచ్చు. రూటర్‌లో వరస మారిస్తే సరి. ఇక బయటి సైట్లు వీపీఎన్‌లో ఉన్నప్పుడే ఆగుతుంటే, ట్రాఫిక్ అంతా ఆఫీసు ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) మీదుగా పోతోందేమో అడగండి. దాన్ని దొడ్డిదారిన దాటాలని చూడొద్దు, ఉద్యోగానికే ఎసరు.

నా రేటింగ్ ఐదుకి మూడు. ఏ డీఎన్ఎస్ సర్వర్ వాడుతోందో, ఎంటీయూ ఎంత పెట్టుకుందో క్లయింట్‌లో ఎక్కడా కనబడదు, లాగ్ ఫైల్ తెరవాలంటే అడ్మిన్ హక్కులు కావాలి. అందుకే టికెట్ పెట్టేటప్పుడు 'సైట్ రావట్లేదు' అని వదిలేయకుండా సైట్ పేరు, టైము, ఆ పేరుకి దొరికిన ఐపీ, పింగ్ అంకె నాలుగూ రాస్తాను. అలా రాసినప్పుడు 'రీస్టార్ట్ చేశారా' అన్న ప్రశ్న రావట్లేదు, టికెట్ నేరుగా నెట్‌వర్క్ వాళ్ళకి వెళ్తోంది.