నీటి ఆవిరి లెక్కకు షికాగో మోడ్‌ట్రాన్: ఒక ఫిజిక్స్ లెక్చరర్ సమీక్ష

ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. "భూమిని వెచ్చగా ఉంచేది ముఖ్యంగా నీటి ఆవిరే కదా సార్, కార్బన్ డయాక్సైడ్‌ను ఎందుకు ఆడిపోసుకుంటారు?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. హరితగృహ ప్రభావంలో దాదాపు సగం ఆవిరిదే, కార్బన్ డయాక్సైడ్ వాటా అయిదో వంతు. ఇప్పుడు నేను జవాబు చెప్పను, షికాగో విశ్వవిద్యాలయం ఉచితంగా అందుబాటులో ఉంచిన మోడ్‌ట్రాన్ (గాలిలో పరారుణ కిరణాల రాకపోకలను లెక్కగట్టే ప్రోగ్రాం) పేజీ తెరిచి పిల్లలకే వదిలేస్తాను.

మోడ్‌ట్రాన్ అసలు అమెరికా వైమానిక దళ పరిశోధనల్లో పుట్టింది. పరారుణ కిరణాలు గాలిలో ఎంత దూరం పోతాయో వాళ్లకు కచ్చితంగా తెలియాలి. పర్యావరణ వాదాలతో దానికి పనిలేదు కాబట్టే నాకు నమ్మకం.

ఉష్ణమండల వాతావరణం ఎంచుకుని 70 కిలోమీటర్ల ఎత్తు నుంచి కిందికి చూడమంటే, చదరపు మీటరుకు 300 వాట్లకు కాస్త తక్కువ వేడి అంతరిక్షంలోకి పోతున్నట్టు చూపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపు చేస్తే అందులో మూడు వాట్లకు పైగా తగ్గిపోతుంది. అలా తగ్గిన వాట్లు తిరిగి రావాలంటే నేల ఎంత వేడెక్కాలో పిల్లలే వెతుకుతారు. ఈ పేజీలో నాకు అన్నిటికంటే నచ్చిన మీట అక్కడే ఉంది. ఆవిరి పరిమాణం మారకుండా ఉంచాలా, సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టుకోగల ఆవిరిలో ఎంత శాతం ఉందో ఆ లెక్క) మారకుండా ఉంచాలా అని అడుగుతుంది. రెండోది నొక్కితే, వేడెక్కిన గాలి డిగ్రీకి సుమారు 7 శాతం చొప్పున ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. దాంతో తగ్గిన వాట్లను రాబట్టడానికి ఇంకా ఎక్కువ వేడి కావలసి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ తోస్తుంది, ఆవిరి దాన్ని పెంచుతుంది. 1967లో వాతావరణ శాస్త్రవేత్తలు మనాబే, వెథరాల్డ్ చేసింది ఈ రకం లెక్కే: రెట్టింపుకు ఆవిరి మారకపోతే సుమారు 1.3 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత మారకపోతే 2.4కు దగ్గర. 2021లో మనాబేకు నోబెల్ వచ్చింది.

ఇక లోపం. ఆవిరిని పెంచితే అన్ని ఎత్తుల్లోనూ ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది. అంతరిక్షంలోకి పోయే వేడిని గట్టిగా అడ్డుకునేది మాత్రం 5 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉండే కొద్దిపాటి ఆవిరి. మే నెల విజయవాడ ఉక్కపోత మన చొక్కాకు తెలుస్తుంది, ఉపగ్రహానికి పెద్దగా పట్టదు. ఆ పైపొరలో ఆవిరి నిజంగా ఎంత పెరుగుతుందో ఈ పేజీ చెప్పలేదు. దానికి గాలుల్ని, మేఘాల్ని లెక్కించే పూర్తి మోడళ్లు కావాలి.

ఆ మోడళ్లు సరిగ్గా చెబుతాయా అంటే, నేను ఫిలిప్పీన్స్‌లోని పినటుబో ఉదాహరణ చెబుతాను. 1991 జూన్‌లో ఆ అగ్నిపర్వతం పేలాక భూమి అర డిగ్రీ చల్లబడింది, గాలిలో ఆవిరీ తగ్గింది. ఆవిరి స్పందనను కలుపుకొన్న మోడల్ ఫలితం ఉపగ్రహ కొలతలతో సరిపోయింది. స్పందనను ఆపేసిన మోడల్‌లో చల్లదనం చాలలేదు. మేఘాల లెక్క ఇప్పటికీ తగువే, ఆవిరి లెక్క మాత్రం కాదు.

పేజీ ఆంగ్లంలోనే ఉంది, గ్రాఫు చదవడానికి కంప్యూటర్ తెర మేలు. డిగ్రీ మొదటి సంవత్సరం వరకు ధైర్యంగా వాడవచ్చు. అయిదుకు నాలుగు చుక్కలు ఇస్తాను. ఎత్తును బట్టి ఆవిరిని మార్చుకునే వీలు కల్పిస్తే అయిదోదీ ఇస్తాను.