నాలుగు వారాలా, ఏడాదా?

పల్లె బడికి టీచర్ని తయారుచేయడానికి రెండు దారులు. కాలేజీలో చదివిస్తూ మధ్యలో నాలుగు వారాలు ఊరి బడికి పంపడం ఒకటి. ఏడాదంతా అక్కడే, అనుభవమున్న టీచరు పక్కన ఉంచడం రెండోది.

మొదటిది చవక, ఎక్కువమందిని పంపొచ్చు. కానీ ట్రైనీ చుట్టపుచూపుగా వచ్చి వెళ్తాడు.

ఏడాది ఉంటే అసలు పని తెలుస్తుంది. ఒకే గదిలో మూడు తరగతులు: రెండో తరగతికి కూడికలిచ్చి, నాలుగో తరగతికి పాఠం చెబుతూ, ఒకటో తరగతి పిల్లాడి పలకను ఓరకంట చూసుకోవాలి. ఇది లెక్చర్లు వింటే రాదు. కొలంబియాలో 1970లలో మొదలైన ఎస్క్వేలా న్యువా అనే బోధనా పద్ధతి ఇలాంటి బడుల కోసమే పిల్లలు సొంతంగా చదువుకునే గైడ్లు తెచ్చింది. వాటి వాడకమూ చేస్తేనే వస్తుంది. కోతల రోజుల్లో హాజరు ఎందుకు పడిపోతుందో కూడా అప్పుడే అర్థమవుతుంది.

ఖర్చు ఎక్కువే, ఒంటరితనం అంతకన్నా ఎక్కువ. అయినా నా ఓటు దీనికే, స్టైపెండూ ఉండడానికి గదీ ఇస్తేనే సుమా!