ఐర్లండ్ పుస్తక భరిణెలు: ఎక్కడ ఎంతసేపు ఆగాలి

మధ్యయుగపు ఐర్లండ్‌లో పవిత్ర గ్రంథాలకు చేయించిన లోహపు భరిణెలను కుమ్‌డాఖ్ అంటారు. మిగిలినవి చాలా కొద్ది. వాటిలో ముఖ్యమైనవి డబ్లిన్‌లోని కిల్డేర్ వీధి నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రవేశం ఉచితం. ఆది, సోమవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ తెరవరు కాబట్టి మంగళవారం నుంచి శనివారం లోపు, ఉదయం పదింటికే వెళ్లడం మంచిది.

చాలామంది బంగారు నగల దగ్గరే అలసిపోతారు. ముందు ట్రెజరీ అనే ప్రదర్శన గదికి వెళ్లండి. అక్కడి సోషెల్ మొలాషె అనే భరిణె 11వ శతాబ్దం తొలినాళ్లది, ఎత్తు 15 సెంటీమీటర్ల లోపే. ముందువైపు శిలువ చుట్టూ నలుగురు సువార్తికుల (యేసు జీవితగాథ రాసినవారి) చిహ్నాలు ఉంటాయి. అద్దంపై దీపాల మెరుపు పడి వెండి పనితనం కనిపించకపోతే, కాస్త వంగి పక్కనుంచి చూడాలి.

కాహఖ్ అనే కీర్తనల గ్రంథపు భరిణె దగ్గర అరగంట ఆగినా ఎక్కువ కాదు. ముందు పలక తర్వాతి కాలంలో మార్చింది. పాత పని పక్కల్లో, అడుగున ఉంది. చేయించిన కహ్‌బార్ ఓ డోనెల్, చేసిన సిట్రిక్ పేర్లు దానిపైనే చెక్కి ఉన్నాయి. ఆ పేర్లను బట్టే 1062–1098 మధ్యదని తేల్చారు. ఓ డోనెల్ వంశం వారు దీన్ని యుద్ధంలో సైన్యం చుట్టూ తిప్పేవారు. అంటే ఇది చదువుకునే పుస్తకం పెట్టె కాదు, రక్షరేకు. మూసే ఉంచడం వల్ల లోపలి పుస్తకం చెమ్మకు అంటుకుపోయింది. 1813లో తెరిచి విడదీస్తే 58 ఆకులు దక్కాయి. అవి ఇప్పుడు దగ్గర్లోని డాసన్ వీధిలో, రాయల్ ఐరిష్ అకాడమీలో ఉన్నాయి. అన్ని రోజుల్లోనూ ప్రదర్శనలో ఉండవు, ముందే అడిగి వెళ్లాలి.

భరిణెల కోసమే వచ్చినవారికి ట్రినిటీ కాలేజీ టికెట్ తప్పనిసరి కాదు. అక్కడున్న కెల్స్ గ్రంథం అనే అలంకృత సువార్తల పుస్తకానికి ఉన్న బంగారు భరిణెను 1007లో దొంగలు ఊడదీసుకుపోయారు, మళ్లీ దొరకలేదు.

మరో రోజు చేతిలో ఉంటే ఆఫలీ కౌంటీలోని బొహర్ చర్చికి వెళ్లండి. అక్కడున్నది సెయింట్ మాంఖన్ అస్థికల పెట్టె: 12వ శతాబ్దపు పని, యూ అనే చెట్టు చెక్కపై కంచు తాపడం. మోయడానికి కర్రలు దూర్చే రింగులు ఇంకా ఉన్నాయి. 2012లో దొంగిలించారు, త్వరలోనే దొరికింది. చర్చి తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.

ఈ ప్రయాణం కూడా ఉంటే డబ్లిన్ బస హ్యూస్టన్ స్టేషన్ దగ్గర తీసుకోవడం మేలు. నగరం నడుమకు ట్రామ్, క్లారాకు రైలు రెండూ అక్కడే. క్లారా నుంచి టాక్సీలో వెళ్లాలి. తిరుగు ప్రయాణం కూడా దానికే మాట్లాడుకోండి, చర్చి దగ్గర బండి దొరకదు.