చిలక లేని జోస్యం: నాలుగేళ్ళుగా టారో కార్డులతో

"చిలక ఏదే?" అంది అమ్మ, నేను మొదటిసారి మంచం మీద ఈ టారో కార్డులు, అంటే జోస్యానికి వాడే బొమ్మల కార్డులు, పరిచినప్పుడు. నాలుగేళ్ళయినా ఆ జోక్ మా ఇంట్లో పాతబడలేదు. పెళ్ళెప్పుడు, ప్రమోషన్ ఎప్పుడు అని తెలుసుకోవడానికి కొనాలనుకునేవాళ్ళకి నా అనుభవం పనికిరాదు. ఇవి నాకు రేపటి సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇవాళ్టి సంగతి మాత్రం చాలాసార్లు పట్టించాయి.

నేను వాడేది రైడర్-వెయిట్-స్మిత్ సెట్. 1909లో లండన్‌లో వచ్చింది. అచ్చువేసింది రైడర్ కంపెనీ, ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. చాలాకాలం రైడర్-వెయిట్ అనే పిలిచారు, గీసినావిడ పేరు వదిలేసి. నేనైతే ఆవిడ కోసమే కొనమంటాను. 78 కార్డుల్లో 22 పెద్దవి, 56 చిన్నవి, సైజులో కాదు, హోదాలో. మార్సెయ్ అనే పాత ఫ్రెంచి రకం సెట్లో చిన్నవాటి మీద పేకముక్కల్లాగా ఐదు కప్పులో ఆరు కత్తులో ఉంటాయంతే. ఈవిడ వాటిల్లో కూడా మనుషుల్ని పెట్టింది. 15వ శతాబ్దపు ఇటలీలో ఇవి ఆట ముక్కలే, జోస్యం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో అంటుకుంది. ఈ ముక్క అమ్మకి చెప్పడం నా పొరపాటు. జోస్యమంటే నవ్వి ఊరుకుంది గానీ, ఇంట్లో పేక అనేసరికి మొహం మారిపోయింది.

ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని కొన్న మొదటి సెట్ నకిలీది. పల్చటి అట్ట, మసక రంగులు, కార్డుల అర్థాలు చెప్పే పుస్తకం బదులు స్కాన్ చేసుకోమని ఒక కోడ్. ఆరు నెలలకే అంచులు చిరిగాయి. రెండోది బాగుంది కానీ కార్డులు పెద్దవి, నా చేతుల్లో పట్టవు. చాప మీద కుప్ప పోసి కలుపుతాను.

రాత్రి పడుకునే ముందు ఒక్క కార్డు తీస్తాను. పుస్తకం తెరవను. ముందు కంటికి ఏది ఆనిందో రెండు లైన్లు, తేదీ వేసి రాస్తాను. అసలు పని ఆ నోటుబుక్కుదే.

టెన్ ఆఫ్ వాండ్స్ అని ఒక కార్డుంది. పది కర్రల్ని కావిలించుకుని ఒకడు వంగి నడుస్తుంటాడు. మొదటిసారి "పాపం, ఒక్కడే" అని రాశాను. ఇంకోసారి, "ఇల్లు కనపడుతోంది, ఇంకెంత". మూడోసారి మాత్రం ఒళ్ళు మండింది. వీడికి మొయ్యడం చేతకాదు! మా ఊళ్ళో ఆడవాళ్ళు చుట్టకుదురు మీద కట్టెల మోపు పెట్టుకుని కబుర్లాడుకుంటూ వచ్చేవాళ్ళు. వీడేమో మొహానికి అడ్డం పెట్టుకుని దారి కనపడకుండా పోతున్నాడు. రాసింది మళ్ళీ చదువుకుంటే ఎవర్ని తిడుతున్నానో అర్థమైంది. నాన్న మందులు, ఇంటి లోను, ఆఫీసు, అన్నీ నా మీదే వేసుకుని తమ్ముడికి ఒక్క మాట చెప్పలేదు. ఆ ఆదివారం ఫోన్ చేసి ఈఎమ్ఐలో సగం కట్టమన్నాను. "ముందే అడగొచ్చుగా అక్కా" అన్నాడు. పుస్తకంలో ఆ కార్డుకి "బరువు బాధ్యతలు" అని ఉంటుంది. అది చదివితే నిట్టూర్చి పడుకునేదాన్ని.

ఒరాకిల్ కార్డులని ఇలాంటివే ఇంకో రకం, అవి కూడా ఏడాది వాడాను. వాటికి ఇన్ని ఉండాలన్న లెక్క లేదు, నా దగ్గరవి 44. "నిన్ను నువ్వు నమ్ము" లాంటి వాక్యం కార్డు మీదే ఉంటుంది. ఆటో వెనక రాతల్లాగా, చదివేశాక ఇంకేం మిగలదు. బాగా అలిసిపోయిన రోజున ఆ ఒక్క వాక్యమే హాయిగా ఉంటుందనుకోండి. మా పిన్ని కూతురికిచ్చేశాను, దానికి భలే నచ్చాయి.

నాన్న ఆసుపత్రిలో ఉన్న వారం తప్పు చేశాను. మంచి కార్డు వచ్చేదాకా తీస్తూనే ఉన్నా. డెత్ అనే కార్డు వచ్చింది. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం, వెనకాల రెండు గోపురాల మధ్య సూర్యుడు. అది చావు కాదు, మార్పు అని నాకు తెలుసు. రాత్రి రెండింటికి ఆ సూర్యుడు ఎవరికి కనపడతాడు? టెన్షన్ తగ్గించుకుందామని మొదలుపెట్టి నిద్ర కూడా పోగొట్టుకున్నాను. నాన్న ఇంటికొచ్చాక కూడా మూడు నెలలు పెట్టె బీరువాలోంచి తియ్యలేదు. ఇప్పుడు రోజుకి ఒకటే, ఎవరి ఆరోగ్యం గురించీ అడగను.

మొన్న అమ్మ తనంతట తనే ఒకటి లాగింది. ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. నెత్తిన ఒక నాణెం, కాళ్ళ కింద రెండు, ఇంకోటి గుండెకి హత్తుకుని కూర్చున్న మనిషి. కళ్ళజోడు సర్దుకుని చూసి, "అచ్చం మీ నాన్నేనే, పాస్‌బుక్కు పట్టుకుని" అంది. కాసేపాగి, "మొన్న చీర కొనుక్కుంటానంటే కూడా ఇట్లాగే కూర్చున్నాడు" అంది.