కెనడా ఐస్ డాన్స్: ఏ జంట వైపు?

విజయనగరం ఉక్కపోతలో కూర్చుని మంచు మీద డాన్స్ చూస్తానంటే మా ఇంట్లో నవ్వుతారు. కెనడా ఐస్ డాన్స్ జంటల్లో మార్జొరీ లజ్వా, జాకరీ లఘా 2019లో జూనియర్ ప్రపంచ విజేతలు, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కూ వెళ్లారు. నదియా బషిన్‌స్కా, పీటర్ బోమాంట్ 2022లో జూనియర్ గ్రాండ్‌ప్రి ఫైనల్ గెలిచారు. ఈ రెండో జంటలో జోరుంది, కాదనను. కానీ నా ఓటు లజ్వా జంటకే.

ట్విజిల్స్ చూడండి: ఒంటికాలి మీద గిర్రున తిరుగుతూనే ముందుకు జారాలి, ఇద్దరూ ఒకే వేగంతో. తప్పెటగుళ్లలో ఒక్కరు తాళం తప్పినా తెలిసిపోయినట్టే ఇక్కడా. ఆ కొద్ది క్షణాలూ నాకు టెన్షనే! ఐస్ డాన్స్‌లో జోడీని గాల్లోకి విసరడాలు ఉండవు కాబట్టి అడుగుల పొందికే ముఖ్యం. మోకాళ్లు వంచి, బ్లేడు అంచు మీద వాలి జారడంలో బషిన్‌స్కా జంట ఇంకా ఒక మెట్టు కిందే.